పురిటికి... పుట్టింటికి!

తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మన ఆచారం. ఏ ఊళ్లో కాపురం ఉన్నా నెలలు నిండేలోపు అమ్మాయి అమ్మ దగ్గరికి చేరాల్సిందే. ఈ ఆచారాన్ని మనకన్నా నిష్ఠగా పాటించే జీవి ఒకటుంది. అందులో ఆడవే కాదు, మగవీ పుట్టింటి బాట పడతాయి. వేల కిలోమీటర్ల సముద్రాన్ని దాటి, ఏటికి ఎదురీది, జలపాతాల మీదికి ఎగిరి మరీ తాము కళ్లు తెరిచిన వాగుకే వస్తాయి. గుడ్లు పెడతాయి. ఆపైన కన్నుమూస్తాయి. ఆ చేప పేరే... సాల్మన్!

అది 1992వ సంవత్సరం. అమెరికాలోని ఇడాహో రాష్ట్రం. సాటూత్ పర్వతాల నడుమ ఓ సరస్సు. పేరు రెడ్‌ఫిష్ లేక్... అంటే ఎర్రచేపల సరస్సు. సముద్రమట్టానికి దాదాపు రెండువేల మీటర్ల ఎత్తులో ఉంటుందది. ఒకప్పుడు ఏటా వేసవి చివర్లో ఎర్రటి సాకై సాల్మన్ చేపలు అక్కడికి వేల సంఖ్యలో వచ్చేవి. వాటి వల్లే సరస్సుకు ఆ పేరు వచ్చింది.

ఆ ఏడాది మాత్రం పరిశోధకులు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. చివరికి వచ్చింది... ఒకే ఒక్క చేప. అదీ మగది!

పసిఫిక్ తీరం నుంచి సుమారు 1,450 కిలోమీటర్లు ఎదురీదింది. కొలంబియా నది మీద నాలుగు, స్నేక్ నది మీద నాలుగు... మొత్తం ఎనిమిది డ్యాములు దాటింది. తీరా ఇల్లు చేరితే జత కట్టడానికి ఒక్క ఆడచేపా లేదు. దానికి 'లోన్సమ్ లారీ' అని పేరు పెట్టారు. ఒంటరి లారీ అన్నమాట. ఆ కథ విని అమెరికా అంతా అయ్యో అనుకుంది.

అయితే లారీ ప్రయాణం వృథా కాలేదు. శాస్త్రవేత్తలు దాని వీర్యాన్ని భద్రపరిచారు. ఆ చుట్టుపక్కల ఏడాదుల్లో వచ్చిన గుప్పెడు చేపలతో కలిపి తొట్లలో సంతతిని పెంచారు. పిల్లలను తిరిగి సరస్సులో, వాగుల్లో వదిలారు. 2014లో ఆ కొండల్లోకి తిరిగొచ్చిన సాకై చేపలు 1,500కు పైమాటే! ఒక చేప పట్టుదలా, కొందరు మనుషుల ఓపికా కలిసి ఓ వంశాన్ని నిలబెట్టాయి.

ఇంతకీ ఈ చేపకు పుట్టిల్లంటే ఎందుకంత మమకారం? అసలు దారెలా గుర్తుపెట్టుకుంటుంది?

గులకరాళ్ల ఉయ్యాల

సాల్మన్ జీవితం చల్లటి, తేటనీటి వాగులో మొదలవుతుంది. తల్లి చేప తోకతో అడుగున ఉన్న గులకరాళ్లను చిమ్మి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెడుతుంది. మగచేప వాటిని ఫలదీకరిస్తుంది. తల్లి మళ్లీ రాళ్లను వాటిమీదికి నెట్టి కప్పేస్తుంది. జాతిని బట్టి ఒక్కో తల్లి రెండువేల నుంచి ఐదువేల దాకా గుడ్లు పెడుతుంది. ఒక్కోటీ బఠాణీ గింజంత. చూడ్డానికి నారింజరంగు పూసల్లా మెరుస్తుంటాయి.

చలికాలమంతా గుడ్లు ఆ రాళ్ల సందుల్లోనే ఉంటాయి. పిల్లలు బయటికొచ్చేటప్పటికి వాటి పొట్టకింద సొన సంచీ వేలాడుతుంటుంది. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. అమ్మ కట్టిచ్చిన చద్దిమూట అది! ఆ సొన అయిపోయాకే పైకొచ్చి పురుగుల వేట మొదలుపెడతాయి.

కొన్నాళ్లకు వాటి ఒంట్లో చిత్రమైన మార్పు మొదలవుతుంది. ఒంటిమీది మచ్చలు మాయమై వెండిరంగు వస్తుంది. మొప్పలూ మూత్రపిండాలూ ఉప్పునీటికి తగ్గట్టు తయారవుతాయి. మంచినీటి చేప అలాగే సముద్రంలోకి వెళితే ఒంట్లో నీరంతా పోయి చచ్చిపోతుంది. సాల్మన్ పిల్ల మాత్రం ముందుగానే ఒళ్లు మార్చుకుని బయల్దేరుతుంది. వాగు నుంచి ఏరు, ఏటి నుంచి నది, నది నుంచి మహాసముద్రం... ఆ తరవాత జాతిని బట్టి ఏడాదిన్నర నుంచి నాలుగైదేళ్ల దాకా అక్కడే కాపురం. తిండికి కొదవ లేదు. ఒంటికి కండ పట్టేది అక్కడే.

ఇక పెళ్లీడు రాగానే... పుట్టిల్లు గుర్తుకొస్తుంది!

ముక్కే దిక్సూచి

అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ హాస్లర్ ఈ చిక్కుముడి విప్పిన తీరు సినిమా కథలా ఉంటుంది. 1946లో ఆయన తన సొంత రాష్ట్రం యూటాలో కొండ ఎక్కుతున్నారు. దగ్గర్లో ఓ జలపాతం. అది ఇంకా కంటికి కనిపించకముందే గాలి ఓ పరిమళాన్ని మోసుకొచ్చింది. నాచు వాసన, కొండపూల వాసన. అంతే... ఏనాడో మర్చిపోయిన చిన్ననాటి సంగతులన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. తొలకరికి తడిసిన మట్టి వాసన తగిలితే మనకు మన ఊరు గుర్తుకొచ్చినట్టే! 'నాకే ఇలా ఉంటే, సాల్మన్ కూడా తన వాగు వాసనను గుర్తుపెట్టుకుంటుందేమో' అన్న ఆలోచన ఆయనకు అప్పుడే తట్టింది.

ప్రతి వాగుకూ ఓ వాసన ఉంటుంది. ఒడ్డున పెరిగే మొక్కలు, అడుగునున్న మట్టి, రాళ్లు... అన్నీ కలిసి ఇచ్చే వాసన అది. ఒక వాగుది మరో వాగుకు ఉండదు. సముద్రానికి బయల్దేరే వయసులో సాల్మన్ పిల్ల మెదడులో ఆ వాసన ముద్రపడిపోతుంది. హాస్లర్ బృందం 1970లలో దీన్ని రుజువు కూడా చేసింది. కోహో జాతి పిల్లలను మార్ఫొలిన్ అనే రసాయనం కలిపిన నీటిలో కొన్నాళ్లు ఉంచి మిషిగన్ సరస్సులో వదిలారు. అవి పెరిగి పెద్దయ్యాక ఒక వాగులో అదే రసాయనాన్ని కొద్దికొద్దిగా కలిపారు. చేపలు ఆ వాగునే వెతుక్కుంటూ వచ్చేశాయి!

సరే, నదిలోకి వచ్చాక వాసన. మరి నడిసముద్రంలో..? అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం ఆసరా. కెనడాలోని ఫ్రేజర్ నది సాకై చేపల మీద నేథన్ పుట్‌మన్ బృందం చేసిన పరిశోధన 2013లో వెలువడింది. సముద్రం నుంచి ఆ నదికి రావాలంటే మధ్యలో వాంకూవర్ దీవి అడ్డం. ఉత్తరం వైపు నుంచైనా చుట్టి రావాలి, దక్షిణం వైపు నుంచైనా రావాలి. 56 ఏళ్ల చేపల వేట లెక్కలు తిరగేస్తే ఓ సంగతి బయటపడింది. భూమి అయస్కాంత క్షేత్రం ఏటా కాస్త కాస్త మారుతుంటుంది. చేపలు పిల్లలుగా నది విడిచినప్పుడు అక్కడ క్షేత్రం ఎలా ఉందో, తిరిగొచ్చేటప్పుడు ఏ దారిలో దానికి దగ్గరగా ఉంటే ఆ దారిలో ఎక్కువ చేపలు వస్తున్నాయి. అంటే... వీధి దాకా అయస్కాంతం, గుమ్మం దాకా వాసన!

కడుపు మాడ్చుకుని...

నదిలోకి అడుగుపెట్టాక సాల్మన్ దాదాపు ఏమీ తినదు. జీర్ణాశయం కుంచించుకుపోతుంది. సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వూ కండా కరిగించుకుంటూనే ఎదురీదుతుంది. అలస్కా మీదుగా సాగే యూకాన్ నదిలో చినూక్ చేపలు కెనడాలోని పుట్టిల్లు చేరడానికి మూడువేల కిలోమీటర్ల దాకా ఈదుతాయి. శ్రీకాకుళం నుంచి చిత్తూరుకు ఒకసారి వెళ్లిరావడం కన్నా చాలా ఎక్కువ దూరమే... అదీ ఒక్క ముద్ద తినకుండా!

దారిలో రూపమే మారిపోతుంది. వెండిలా మెరిసే సాకై ఒళ్లు కుంకుమ ఎరుపు అవుతుంది. తల ఆకుపచ్చగా మారుతుంది. కండలో ఉన్న ఎర్రరంగే చర్మానికీ గుడ్లకూ చేరుతుంది. మగచేపల దవడ కొక్కెంలా వంకర తిరుగుతుంది. పింక్ జాతి మగచేపకైతే వీపుమీద పెద్ద మూపురమే వస్తుంది.

గుడ్లు పెట్టాక ఒకటి రెండు వారాల్లో పసిఫిక్ సాల్మన్లు చనిపోతాయి. ఒంట్లో శక్తినంతా ఆ ఒక్క ప్రయాణానికీ, ఆ ఒక్క కాన్పుకూ ధారపోశాయి మరి. తమ పిల్లల్ని అవి చూసుకోవు. పిల్లలకు అమ్మానాన్నలెవరో తెలీదు. కానీ ఆ కళేబరాలు కుళ్లి నీటిలో కలిస్తే పురుగులు పెరుగుతాయి. ఆ పురుగులే వసంతంలో పిల్లలకు తొలి ఆహారం.

వేల గుడ్లలో చివరికి పెద్దవై తిరిగొచ్చేవి ఎన్ని..? ఒక జంటకు రెండు పిల్లలు తిరిగొస్తే వంశం నిలిచినట్టే. మిగిలినవన్నీ పక్షులకూ పెద్దచేపలకూ సీల్స్‌కూ మనుషులకూ ఆహారమైపోతాయి.

అడవికి ఎరువు

సాల్మన్ లేకపోతే నష్టం నీటికే కాదు, అడవికి కూడా! అలస్కాలోని బ్రూక్స్ జలపాతం దగ్గర గోధుమరంగు ఎలుగుబంట్లు వరసగా నిలబడి, పైకెగిరే సాల్మన్లను నోటితో గాల్లోనే అందుకునే దృశ్యాన్ని టీవీలో చాలామంది చూసే ఉంటారు. శీతనిద్రకు వెళ్లేముందు వాటి ఒంటికి కొవ్వు పట్టించేది ఈ చేపలే.

చేపలు దండిగా దొరికిన రోజుల్లో ఎలుగు వాటిని నోట కరచుకుని చెట్ల మధ్యకు తీసుకెళుతుంది. మెదడూ గుడ్లూ తిని మిగతాది వదిలేస్తుంది. అది అక్కడే మట్టిలో కలుస్తుంది. కెనడా శాస్త్రవేత్త టామ్ రైమ్‌కెన్ బృందం నది ఒడ్డునున్న చెట్లను పరీక్షిస్తే వాటిలో సముద్రం నుంచి వచ్చిన నైట్రోజన్ కనిపించింది. కొండల మీది మానుకు సముద్రం నుంచి ఎరువు! మోసుకొచ్చింది సాల్మన్, చల్లింది ఎలుగుబంటి.

అక్కడి ఆదివాసులకు ఈ సంగతి ఏనాటి నుంచో తెలుసు. ఏటా మొదట దొరికిన సాల్మన్‌ను చుట్టంలా గౌరవించి, అందరూ పంచుకుతిని, ఎముకలను తిరిగి నదిలోనే కలుపుతారు. గౌరవంగా సాగనంపితే మళ్లీ వస్తుందని వాళ్ల నమ్మకం.

దారికి అడ్డం

అంత గట్టి చేపకు కూడా దాటలేని అడ్డంకి ఎదురైంది... డ్యామ్! కొన్నిచోట్ల చేపలు ఎక్కడానికి మెట్లు మెట్లుగా నీటి తొట్లు కట్టారు. ఫిష్ ల్యాడర్ అంటారు వాటిని. కానీ కొలంబియా నది మీద 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీ డ్యాముకు అలాంటి ఏర్పాటే లేదు. ఎగువనున్న వాగులన్నిటికీ ఆనాటితో సాల్మన్ రాక ఆగిపోయింది.

నీళ్లు వేడెక్కడం మరో గండం. సాల్మన్‌కు చల్లటి నీరు ప్రాణం. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే దానికి కష్టకాలమే. 2015 వేసవిలో ఎండలకు కొలంబియా, దాని ఉపనదుల్లో నీళ్లు వేడెక్కి దాదాపు రెండున్నర లక్షల సాకై చేపలు దారిలోనే చనిపోయాయి. యూకాన్ నదికి వచ్చే చినూక్‌లు మరీ తగ్గిపోవడంతో అమెరికా, కెనడాలు 2024లో ఓ ఒప్పందం చేసుకుని అక్కడ వాటి వేటను ఏడేళ్లపాటు ఆపేశాయి. తరతరాలుగా ఆ చేపనే ఎండబెట్టి, పొగబెట్టి చలికాలానికి దాచుకునే నదీతీర పల్లెలకు అది మామూలు దెబ్బ కాదు. కాలిఫోర్నియాలోనూ సాల్మన్ కోసం సముద్రంలోకి వెళ్లే పడవలు 2023 నుంచి వరసగా మూడేళ్లు ఒడ్డునే ఉండిపోయాయి.

అన్నిచోట్లా ఇదే కథ కాదు. అలస్కాలోని బ్రిస్టల్ బే ప్రాంతపు నదులకు పెద్ద డ్యాములు లేవు. 2022లో అక్కడికి వచ్చిన సాకై చేపలు ఎన్నో తెలుసా... దాదాపు 7 కోట్ల 90 లక్షలు!

గోడ కూలింది... చేప వచ్చింది!

అమెరికాలోని ఆరెగన్, కాలిఫోర్నియా రాష్ట్రాల మీదుగా క్లామత్ అనే నది పారుతుంది. జలవిద్యుత్ కోసం దానిమీద కట్టిన నాలుగు డ్యాములు సాల్మన్ దారిని మూసేశాయి. 2002 సెప్టెంబరులో నది దిగువన నీళ్లు తగ్గి, వేడెక్కి, చేపలకు మొప్పల జబ్బు సోకింది. 30 వేలకు పైగా పెద్ద చేపలు ఒడ్డున కుప్పలుగా పడ్డాయి. అక్కడి యూరక్, కారక్ తెగలవాళ్లు దాన్ని చూసి తట్టుకోలేకపోయారు. డ్యాములు తీసేయాలంటూ రోడ్డెక్కారు, కోర్టుకెళ్లారు, కంపెనీ వాటాదారుల సమావేశాలకూ వెళ్లారు. ఇరవై ఏళ్లు పోరాడారు.

చివరికి నాలుగు డ్యాములనూ కూల్చేశారు. 2024 అక్టోబరు మొదటివారానికి ఆ పని పూర్తయింది. ఆ చేపలు మళ్లీ అలవాటు పడటానికి ఎన్నేళ్లు పడుతుందోనని అంతా అనుకుంటున్నారు. రెండు వారాలు గడిచాయో లేదో, అక్టోబరు 16న ఆరెగన్ అధికారులకు డ్యాములుండే చోటుకు ఎగువన ఓ ఉపనదిలో చినూక్ చేపలు కనిపించాయి. 1912 తరవాత ఆ ఎగువ ప్రాంతంలో సాల్మన్ కనిపించడం అదే మొదటిసారి! శతాబ్దంపాటు మూసి ఉన్న తలుపు తెరవగానే ఎవరో గుమ్మంలో నిలబడి ఉన్నట్టు... వచ్చేశాయి.

మన పులస మాటేమిటి?

గోదావరి జిల్లాల వాళ్లకు ఈ కథంతా వింటుంటే పులస గుర్తుకొచ్చే ఉంటుంది. అదీ సముద్రంలో పెరిగే చేపే. గోదావరికి ఎర్రనీరు పోటెత్తగానే గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వస్తుంది. సముద్రంలో ఇలస, గోదారిలో పులస. ఆ ఎదురీతలోనే దానికా రుచి వస్తుందంటారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదు! బెంగాలీల హిల్సా ఇదే. సాల్మన్‌తో దీనికి చుట్టరికం లేదు. అదో కుటుంబం, ఇదో కుటుంబం. పైగా గుడ్లు పెట్టాక పులస చనిపోదు, సముద్రానికి తిరిగి వెళ్లిపోతుంది.

కష్టాలు మాత్రం రెండింటివీ ఒకటే. గోదావరిలో పులస ప్రయాణానికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం. గంగానదిలో ఒకప్పుడు హిల్సా అలహాబాదు దాటి పైకి వెళ్లేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఆ రాక దాదాపు ఆగిపోయింది. గుడ్లతో నిండిన చేపకే గిరాకీ ఎక్కువ కావడంతో, గుడ్లు పెట్టకముందే చాలావాటికి వల పడుతోంది. బంగ్లాదేశ్ ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులపాటు హిల్సా వేటను పూర్తిగా నిషేధిస్తోంది. చేపను కాన్పు కానిస్తే పదేళ్లూ తినొచ్చు. అలా వదలకపోతే ఈ ఏటితో సరి!

* * *

అయిదువేళ్లు... అయిదు చేపలు!

ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో సాల్మన్ జాతులు అయిదు. అక్కడి పిల్లలు వాటిని చేతివేళ్ల మీదే నేర్చేసుకుంటారు.

బొటనవేలు: ఇంగ్లిషులో థంబ్. దానికి ప్రాస కుదిరేది చమ్. అన్నిటికన్నా ఎక్కువ ప్రాంతాల్లో విస్తరించిన జాతి. జపాన్ నుంచి అమెరికా దాకా కనిపిస్తుంది. దీన్ని డాగ్ సాల్మన్ అని కూడా అంటారు.

చూపుడువేలు: కంట్లో పొడిచే వేలు కాబట్టి సాకై. పేరులో 'ఐ' ఉంది మరి! దీని పిల్లలు సముద్రానికి వెళ్లేముందు సాధారణంగా ఒకటి రెండేళ్లు సరస్సులో పెరుగుతాయి.

నడిమివేలు: అన్నిటికన్నా పొడుగు కాబట్టి కింగ్. అదే చినూక్. 1949లో అలస్కాలో దొరికిన ఓ చేప 57 కిలోలు తూగింది!

ఉంగరంవేలు: వెండి ఉంగరం పెట్టుకుంటాం కాబట్టి సిల్వర్. అదే కోహో.

చిటికెనవేలు: ఇంగ్లిషులో పింకీ. కాబట్టి పింక్. అన్నిటికన్నా చిన్నది. ఆయువు కచ్చితంగా రెండేళ్లే. అందుకే ఒకే నదిలో సరిసంఖ్య ఏడాదిలో వచ్చేవీ, బేసిసంఖ్య ఏడాదిలో వచ్చేవీ ఎన్నటికీ కలుసుకోవు.

ఇవికాక ఆసియా వైపు జపాన్, కొరియా, రష్యా తీరాల్లో మాసు అనే జాతి ఉంది. ఇక అట్లాంటిక్ సాల్మన్ వేరే శాఖ. ఇది గుడ్లు పెట్టాక తప్పనిసరిగా చనిపోదు. కొన్ని సముద్రానికి వెళ్లి మళ్లీ వస్తాయి కూడా.

పళ్లెంలో సాల్మన్

మన నగరాల్లో సూపర్‌మార్కెట్లలో కనిపించే గులాబీరంగు సాల్మన్ ముక్కలు ఎక్కువగా పెంపకం చేపవే. నార్వే, చిలీ వంటి దేశాల్లో సముద్రంలో వలల పంజరాలు కట్టి అట్లాంటిక్ సాల్మన్‌ను పెంచుతారు. అడవి సాల్మన్ కండకు ఆ రంగు అది తినే చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల నుంచి వస్తుంది. పెంపకం చేపకు అదే పదార్థాన్ని మేతలో కలిపి పెడతారు.

ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు దండిగా ఉంటాయని వైద్యులు మెచ్చుకునే చేప ఇది. అన్నట్టు, ముంబయిలో రావస్ అనీ, మన తీరంలో మాగ అనీ పిలిచే చేపను 'ఇండియన్ సాల్మన్' పేరుతో అమ్ముతుంటారు. రుచిలో దానికదే సాటి... కానీ అది సాల్మన్ కాదు!

సియాటిల్ వెళుతున్నారా?

ఉద్యోగాల పేరిట సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు వేసవిలో బాలార్డ్ లాక్స్‌కు వెళితే అద్దాల కిటికీలోంచి మెట్లెక్కుతున్న సాల్మన్లను చూడొచ్చు. అక్టోబరులో అయితే దగ్గర్లోని ఇస్సక్వా ఊళ్లో సాల్మన్ పండగే జరుగుతుంది. చేపలు వాగులోంచి ఊరి మధ్యకు వస్తుంటే జనం వంతెన మీద నిలబడి చూస్తారు.

అంత దూరం నుంచి వచ్చిన ఆ చేపలకు ఎవరూ దారి చూపించరు. చూపించక్కర్లేదు కూడా. అడ్డు తప్పుకుంటే చాలు... ఇల్లెక్కడో వాటికి తెలుసు!